బాల్ ఒకచోట, కప్లర్ ఇంకోచోట: బోటు ట్రైలర్‌కి బండి తగిలించడం వెనకున్న లెక్క

మే నెలాఖరున మెమోరియల్ డే సెలవు వచ్చిందంటే అమెరికా సరస్సుల దగ్గర బోట్ల సందడి మొదలవుతుంది. అట్లాంటాకి ఉత్తరాన, బ్యూఫోర్డ్ డ్యామ్ వెనక పరుచుకున్న లేక్ లేనియర్ పక్కనే కమింగ్ ఊరు ఉంది. ఆ ఊరిలోనూ, చుట్టూ ఉన్న ఫోర్‌సైత్ కౌంటీలోనూ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. డాలస్ వైపు ఫ్రిస్కోలో ఉన్నవాళ్లకి లూయిస్‌విల్ లేక్ దగ్గర. నీళ్లు ఇంత చేరువలో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనైనా ఒక చిన్న బోటు కొనుక్కోవాలనిపించడం సహజం.

బోటు నీళ్లలోకి దిగాలంటే ముందు దాని ట్రైలర్ మన బండికి తగలాలి. బండిని వెనక్కి తెచ్చి, బండి వెనకున్న ఇనుప గుండు సరిగ్గా ట్రైలర్ మూతి కిందికి వచ్చేలా ఆపాలి. పని ఇంతే. కానీ కొత్తవాళ్లు ముందుకీ వెనక్కీ పదిసార్లు తిరిగేది ఇక్కడే. సలహాలు అడిగితే ఒకరు స్టీరింగ్ కుడికి తిప్పమంటారు, ఇంకొకరు ఎడమకి అంటారు. ఒకరు కెమెరా ఉంటే చాలంటారు, మరొకరు కెమెరాని నమ్మొద్దంటారు. ట్రైలర్‌కి తిన్నగా రాకపోతే తగిలించకూడదని కొందరు, వంకరగా ఉన్నా పర్వాలేదని కొందరు. వీటిలో చాలా మాటలు వాటి వాటి సందర్భాల్లో నిజమే. ఏది ఎప్పుడు నిజమో తేల్చుకోవడానికి కాస్త లెక్క కావాలి.

ముందు పేర్లు

బండి కింద, వెనక బంపర్ దగ్గర ఒక చదరపు గొట్టం ఉంటుంది. అది రిసీవర్. పికప్ ట్రక్కులకీ పెద్ద ఎస్‌యూవీలకీ ఎక్కువగా 2 అంగుళాల గొట్టం, చిన్న కార్లకి 1 1/4 అంగుళాలది వస్తుంది. అందులోకి దూర్చి పిన్ను వేసే ఇనుప చేయి బాల్ మౌంట్. దాని చివర నిలబెట్టిన గుండు హిచ్ బాల్. ఇవన్నీ బండి వైపు సామాను.

ట్రైలర్ వైపు ముందుకి పొడుచుకొచ్చిన పొడవాటి కడ్డీని టంగ్ అంటారు. దాని కొసన బోర్లించిన గిన్నె లాంటి భాగమే కప్లర్. బాల్ ఆ గిన్నెలో కూర్చున్నాక కింద నుంచి ఒక నాలుక పట్టి దాన్ని పట్టుకుంటుంది, పైన గొళ్లెం పడుతుంది. టంగ్ పక్కన చేత్తో తిప్పే జాక్ ఉంటుంది. బండి లేనప్పుడు ట్రైలర్ ముందు భాగం బరువంతా దాని మీదే. జాక్ తిప్పితే కప్లర్ పైకి లేస్తుంది, దిగుతుంది.

ఎత్తు సంగతి జాక్ చూసుకుంటుంది. కాబట్టి నడిపేవాళ్ల చేతిలో మిగిలింది బాల్ ముందూ వెనకా ఎక్కడుంది, కుడీ ఎడమా ఎక్కడుంది అన్న రెండు కొలతలే. ముందూ వెనకా సరిచేయడం తేలిక, ఆగాల్సిన చోట ఆగితే సరి. ఏడిపించేది పక్కకి ఉన్న తేడా.

ఒకే పేరుతో తిరుగుతున్న రెండు పనులు

స్టీరింగ్ ఎటు తిప్పాలన్న గొడవ ఇక్కడే పుడుతోంది. ట్రైలర్ తగిలించడానికి వెనక్కి రావడం ఒక పని, తగిలించిన ట్రైలర్‌ని వెనక్కి నెట్టడం మరో పని. రెంటినీ జనం "ట్రైలర్ రివర్స్" అనే అంటారు. కానీ రెండింటికీ స్టీరింగ్ సూత్రాలు ఎదురెదురు.

తగిలించడానికి వచ్చేటప్పుడు వెనక ట్రైలర్ లేదు, మామూలు రివర్సే. స్టీరింగ్ కుడికి తిప్పితే బండి వెనక భాగం కుడికి పోతుంది, బాల్ కూడా దానితోపాటే. తగిలించాక మాత్రం బండి వెనక భాగం కుడికి జరిగితే, అది టంగ్‌ని కుడికి నెడుతుంది. ట్రైలర్ తన చక్రాల దగ్గర తిరిగి, తోక ఎడమకి పోతుంది. "ఎటు పోవాలో దానికి వ్యతిరేకంగా తిప్పు" అన్న ప్రసిద్ధ సలహా ఈ రెండో పనికి సంబంధించింది. మొదటి పనిలో దాన్ని పాటిస్తే ప్రతి దిద్దుబాటూ తేడాని పెంచుతుంది.

బండి కొనేటప్పుడు కూడా ఈ గందరగోళం ఎదురవుతుంది. ఫోర్డ్ 2016 మోడల్ ఎఫ్-150తో తెచ్చిన ప్రో ట్రైలర్ బ్యాకప్ అసిస్ట్‌లో డాష్‌బోర్డు మీద ఒక గుండ్రటి మీట ఉంటుంది. అది తగిలించిన ట్రైలర్‌ని వెనక్కి నెట్టేటప్పుడు సాయం చేస్తుంది. ఆ తర్వాత వచ్చిన ప్రో ట్రైలర్ హిచ్ అసిస్ట్ బండిని తనంతట తానే కప్లర్ దగ్గరికి తెస్తుంది. పేర్లలో ఒక్క మాటే తేడా. మొదటిది ఉన్న ట్రక్కు రెండోది చేస్తుందనుకుని కొనేవాళ్లున్నారు.

బాల్ నిజంగా ఎలా కదులుతుంది

కారు ముందు చక్రాలతో తిరుగుతుంది, వెనక చక్రాలు తిరగవు. అందుకే స్టీరింగ్ ఒక పక్కకి తిప్పి పట్టుకుని నడిపితే వెనక ఇరుసు మధ్య బిందువు ఒక వలయం మీద పోతుంది. హిచ్ బాల్ ఆ ఇరుసు మీద లేదు, దానికి వెనక మీటరు పైచిలుకు దూరంలో వేలాడుతోంది. అందువల్ల బండి కాస్త తిరిగినా ఆ కొస ఎక్కువ ఊగుతుంది. సమస్య అంతా ఈ దూరంలోనే ఉంది, పరిష్కారం కూడా ఇందులోనే.

అంకెలు పెట్టి చూద్దాం. ఒక పికప్ ట్రక్కు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు దాని వెనక ఇరుసు మధ్య భాగం 6 మీటర్ల వ్యాసార్ధం గల వలయం మీద పోతుందనుకుందాం. బాల్ ఇరుసుకి 1.2 మీటర్లు వెనక ఉందనుకుందాం. బండి నిలబడి ఉండగానే స్టీరింగ్ తిప్పేసి, ఆ తర్వాతే కదిలామనుకుందాం.

కప్లర్ ఇంకా 1 మీటరు దూరంలో ఉంది. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి ఆ మీటరూ వెనక్కి వచ్చాం. లెక్క కడితే బాల్ దాదాపు 28 సెంటీమీటర్లు కుడికి జరుగుతుంది. అయితే బండి కూడా తొమ్మిదిన్నర డిగ్రీలు వంకర తిరిగి ఆగుతుంది. దూరం అర మీటరే ఉంటే బాల్ 12 సెంటీమీటర్లు జరుగుతుంది, బండి 5 డిగ్రీల లోపే తిరుగుతుంది.

ఇప్పుడు ఒక షరతు పెడదాం. బండి చివరికి ట్రైలర్‌తో తిన్నగానే నిలబడాలి. అలాంటప్పుడు సగం దూరం కుడికి తిప్పి, మిగతా సగం ఎడమకి తిప్పి, పాములా మెలిక తిరిగి రావాలి. అదే 1 మీటరు దూరంలో ఇలా చేస్తే బాల్ పక్కకి జరిగేది 4 సెంటీమీటర్లే. అర మీటరులో అయితే 1 సెంటీమీటరు. 3 మీటర్ల దూరం ఉంటే 37 సెంటీమీటర్లు, 6 మీటర్లుంటే దాదాపు మీటరున్నర.

రెండో వరసని ఒకసారి మళ్లీ చూడండి. దూరం సగమైతే సరిచేసుకోగలిగే తేడా సగం అవడం లేదు, నాలుగో వంతుకి పడిపోతోంది. తిన్నగా రావాలని పట్టుబట్టినవాళ్లు చివరి మీటరులో ఎంత స్టీరింగ్ తిప్పినా ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే. అక్కడ వాళ్ల నేర్పు చాలక కాదు, ఆ దూరంలో అంతకు మించి జరగదు. అనుభవం ఉన్నవాళ్లు తేడా కనిపించగానే మారు మాట్లాడకుండా ముందుకి వెళ్లి, రెండు కార్ల పొడవు దూరం నుంచి మళ్లీ మొదలుపెడతారు. చూసేవాళ్లకి అది వెనకడుగులా ఉంటుంది. లెక్క ప్రకారం 6 మీటర్ల దూరానికి వెళ్లడమంటేనే 4 సెంటీమీటర్ల దిద్దుబాటు స్థానంలో మీటరున్నర దిద్దుబాటు సంపాదించుకోవడం.

నిజ జీవితంలో ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. బండి కదులుతుండగా స్టీరింగ్ తిప్పుతాం కాబట్టి పూర్తి మలుపు అందేసరికే కొంత దూరం ఖర్చయిపోతుంది. అర మీటరు మిగిలి ఉన్నప్పుడు ఆ ఖర్చు చాలా పెద్దది.

తిన్నగానే కలవాలా?

పై లెక్కలో రెండు పక్షాల వాదనా ఉంది. ఒకరు 28 సెంటీమీటర్ల వరస చూస్తున్నారు, మరొకరు 4 సెంటీమీటర్ల వరస.

వంకరైనా పర్వాలేదనే వాళ్ల వాదన బాల్ ఆకారం మీద నిలబడింది. గుండుకి దిక్కు లేదు. కప్లర్ దాని మీద ఏ కోణంలో దిగినా ఒకేలా కూర్చుంటుంది. అలా కూర్చోకపోతే రోడ్డు మీద మలుపు దగ్గర ట్రైలర్ తిరగనే తిరగదు. కలవాల్సింది రెండు బిందువులు, రెండు బళ్లు ఒక గీత మీదికి రావాలన్న నియమం ఎక్కడా లేదు. పది డిగ్రీలు వంకరగా తగిలించి, పది మీటర్లు ముందుకి పోతే ట్రైలర్ తనే బండి వెనక్కి సర్దుకుంటుంది. ఈ వాదన పూర్తిగా సరైనది. కొత్తవాళ్లకి ఎవరైనా మొదటే చెప్పాల్సిన సంగతి కూడా ఇదేనని నాకు అనిపిస్తుంది. తిన్నగా రావాలన్న ఆత్రంలో బాల్ సరిగ్గా వచ్చిన స్థానాన్ని కూడా పాడుచేసుకుంటారు.

తిన్నగా రావాలనే వాళ్ల దగ్గరా గట్టి కారణాలున్నాయి. ట్రైలర్ గ్యారేజీలోనో, ఇంటి పక్క సందులోనో, స్టోరేజ్ యార్డులో రెండు బోట్ల నడుమనో ఉంటే, వంకరగా తగిలించి ముందుకి లాగిన క్షణంలో ట్రైలర్ తిరుగుతుంది. చక్రాల వెనకున్న భాగం, అంటే బోటు వెనక కొసా మోటారూ, ఎదుటి పక్కకి జరుగుతాయి. ఖాళీ స్థలంలో అది లెక్కలోకి రాదు. గోడకి జానెడు దూరంలో మోటారు ఉంటే వస్తుంది. రెండో కారణం బండి వెనక భాగమే. కోణం ఎక్కువైతే బంపర్ మూల టంగ్‌కో జాక్‌కో తగులుతుంది. పికప్ వెనక తలుపు దించితే జాక్ పిడికి తగిలి సొట్ట పడటం మామూలుగా జరిగేదే. మూడోది, తిన్నగా వస్తున్నప్పుడు ఎటు తప్పుతున్నామో కంటికి వెంటనే తెలుస్తుంది, వంపు దారిలో తెలియదు.

కాబట్టి ఖాళీ జాగా ఉన్నచోట మొదటి పక్షం మాట, ఇరుకు చోట రెండో పక్షం మాట పనికొస్తాయి. రెండింట్లోనూ మొదలు మాత్రం ఒకటే: దూరంగా ఉన్నప్పుడే వీలైనంత తిన్నగా చేరుకోవడం.

ఊళ్లో ట్రాక్టరు డ్రైవరుకి ఈ ఇబ్బంది ఎందుకు లేదు

మన ఊళ్లలో ట్రాలీకి ట్రాక్టరు తగిలించేవాళ్లని చూసినవాళ్లకి ఇదంతా వింతగా తోచొచ్చు. వెనక్కి తిరిగి చూస్తూ ఒక్క ఊపులో వచ్చి ఆపుతారు, కిందనున్న మనిషి పిన్ను వేస్తాడు. నేర్పు ఉన్నమాట నిజమే, కానీ బండి కూడా సాయం చేస్తుంది. ట్రాక్టరు డ్రైవరు కూర్చునేది వెనక ఇరుసు పైనే. హుక్కు ఆ ఇరుసుకి దగ్గరగా, అతని వీపు వెనకే, కళ్లకి నేరుగా కనిపిస్తూ ఉంటుంది. ట్రాక్టరు చాలా చిన్న వలయంలో తిరుగుతుంది కూడా. పికప్‌లో కూర్చున్న మనిషి బాల్‌కి మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉంటాడు, మధ్యలో సీట్లూ తొట్టీ తలుపూ అడ్డం. లెక్క ఒకటే, పెద్ద తేడా చూపులోనే. కెమెరా గురించి మాట్లాడుకోవాల్సింది అందుకే.

కెమెరా ఎవరి కోసం వచ్చింది

అమెరికాలో 2018 మే 1 నుంచి తయారయ్యే 10,000 పౌండ్ల లోపు కొత్త బళ్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి. దీనికి మూలం 2008లో చట్టమైన క్యామెరాన్ గల్‌బ్రాన్సెన్ చట్టం. రివర్స్‌లో వస్తున్న బండి కింద పడి చనిపోయిన రెండేళ్ల పిల్లాడి పేరది. నిబంధన అడిగేది కూడా ఆ ప్రమాదానికి తగ్గట్టే ఉంటుంది: బండి వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు నేల కనిపించాలి. అంటే ఈ కెమెరా పుట్టింది నేల మీద నిలబడ్డ పిల్లల్ని చూపించడానికి. దాన్ని బాల్‌కీ కప్లర్‌కీ వాడుకోవడం మన అవసరం.

ఈ తేడా తెరమీద రెండు చోట్ల బయటపడుతుంది.

మొదటిది, తెరమీద కనిపించే పసుపూ ఎరుపూ గీతలు. అవి నేలకి గీసిన గీతలు. కప్లర్ నేల మీద లేదు. కెమెరా 1 మీటరు ఎత్తున ఉందనీ, కప్లర్ 58 సెంటీమీటర్ల ఎత్తున, కెమెరాకి 1 మీటరు దూరంలో ఉందనీ అనుకుందాం. కెమెరా నుంచి కప్లర్ మీదుగా పోయే చూపు నేలని తాకేది దాదాపు 2.4 మీటర్ల దగ్గర. కాబట్టి ఆ గీతల్ని నమ్మితే కప్లర్ ఇంకా రెండు మీటర్ల పైన ఉన్నట్టు తెలుస్తుంది, నిజానికి ఉన్నది ఒక్క మీటరే. బంపర్లకి పడే సొట్టలు కొన్ని ఈ లెక్కలోంచి వచ్చినవే.

రెండోది, చివరి క్షణంలో వచ్చే భ్రమ. కప్లర్ బాల్ కన్నా ఎత్తులో ఉండాలి కదా, లేకపోతే బాల్ దాని కిందికి దూరదు. బాల్ పైభాగం 50 సెంటీమీటర్ల ఎత్తున, కెమెరాకి 25 సెంటీమీటర్లు వెనక ఉందనుకుందాం. కప్లర్ బాల్ కన్నా 8 సెంటీమీటర్లు పైన ఉంది. తెరమీద కప్లర్ సరిగ్గా బాల్ మీదికి వచ్చినట్టు కనిపించేసరికి, నిజంగా అది బాల్‌ని దాటి 4 సెంటీమీటర్లు బండి వైపు వచ్చేసి ఉంటుంది. మనం అంత ఎక్కువ వెనక్కి వచ్చామన్నమాట. దిగి చూస్తే "కెమెరాలో కరెక్టుగానే ఉందే!" అనిపించేది అందుకే. కప్లర్‌ని 3 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంచితే ఈ తేడా ఒకటిన్నర సెంటీమీటర్లకి దిగుతుంది. మరీ కిందికి దించితే బాల్ దాని మూతికి తగిలే ప్రమాదం పెరుగుతుంది. ఎంత ఎత్తు ఉంచాలన్నదాని మీద మనుషులకో మాట ఉండేది ఈ బేరం వల్లే.

పక్కకి వచ్చే తేడా సాధారణంగా చిన్నదే. కెమెరా తలుపు మధ్యలో కాకుండా కొంచెం పక్కకి బిగించి ఉంటే పై లెక్కలో ఒక సెంటీమీటరు మించి తేడా రాదు. కాకపోతే వెడల్పు లెన్సు అంచుల దగ్గర గీతల్ని వంచి చూపిస్తుంది కాబట్టి, దూరంగా తెర మూలలో ఉన్న కప్లర్ ఎటున్నదీ అంచనా తప్పుతుంది.

కొత్త ట్రక్కుల్లో బాల్ నుంచి బయల్దేరి, స్టీరింగ్‌తోపాటు వంగే ఒకే ఒక గీతని తెరమీద చూపిస్తున్నారు. నేలకి గీసిన గీతలు పనికిరావని గ్రహించి చేసిన మార్పు అది. పైన చెప్పిన మొదటి వరస లెక్కని, అంటే ఒకే వంపులో బాల్ ఎక్కడికి చేరుతుందో, బండే కట్టి చూపిస్తుంది. ఆ గీత కప్లర్‌ని తాకేలా స్టీరింగ్ పట్టుకుంటే చాలు. ఇది వచ్చాక ఒంటరిగా తగిలించడం నిజంగానే తేలికైంది, అందులో సందేహం లేదు. అద్దాలతోనే నేర్చుకోవాలనే వాళ్ల మాట కొట్టిపారేయదగింది కూడా కాదు. సరస్సు నుంచి వచ్చాక లెన్సు మీద నీటి చుక్క ఒకటి నిలిచినా, సాయంత్రం ఎండ ఎదురుగా కొట్టినా తెరమీద ఏమీ కనబడదు. నా అంచనాలో దూరం నుంచి దారి పట్టడానికి అద్దాలు మెరుగు, చివరి అర మీటరుకి కెమెరాని మించింది లేదు.

కెమెరా లేని పాత బళ్లకి జనం చేసుకున్న ఏర్పాట్లు కూడా ఇదే లెక్క మీద నడుస్తాయి. అయస్కాంతం అడుగున్న రెండు పుల్లలు దొరుకుతాయి, కొసన రంగు బంతులు. ఒకటి బాల్ దగ్గర, ఒకటి కప్లర్ మీద నిలబెడితే, కనిపించని రెండు బిందువులూ వెనక అద్దంలోకి లేచి వస్తాయి. రెండు పుల్లలూ నిటారుగా ఉన్నంతవరకు చాలా నమ్మకమైన పద్ధతి.

వెనక నిలబడి చెప్పే మనిషి

ఇంట్లో ఇంకొకరు వెనక నిలబడి సైగలు చేయడం అందరికీ తెలిసిన దారి. దంపతుల మధ్య మాట పెరిగేదీ ఇక్కడే. "కుడికి, కుడికి" అంటే ఎవరి కుడి? డ్రైవరు ముందుకి చూస్తూ అద్దంలోంచి గమనిస్తుంటే, ట్రైలర్ దగ్గర నిలబడి బండి వైపు చూసే మనిషి కుడీ, డ్రైవరు కుడీ ఒకటే. అదే మనిషి డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి ట్రైలర్ వైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారు. డ్రైవరు మెడ వెనక్కి తిప్పి చూస్తే మళ్లీ మారతాయి. బండికి అంటుకున్న మాటలు, అంటే "డ్రైవర్ వైపు", "ప్యాసింజర్ వైపు", ఎవరు ఎటు తిరిగినా మారవు. ఇండియాలో బండి నడిపి వచ్చినవాళ్లకి మాత్రం డ్రైవర్ వైపంటే కుడి అని అలవాటు. అమెరికాలో అది ఎడమ. తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చినప్పుడు నాన్నగారిని వెనక నిలబెట్టేవాళ్లు ఈ సంగతి ముందే అనుకోవడం మంచిది.

దూరం చెప్పే తీరు కూడా అంతే. "రా, రా, రా... ఆపు!" అన్న మాటలో ఎంత దూరం ఉందో లేదు. "రెండడుగులు, అడుగు, అర అడుగు" అన్నప్పుడు కాలు బ్రేకు మీదికి దానంతటదే వెళ్తుంది. ఇక ఆ మనిషి నిలబడే చోటు: బండికీ ట్రైలర్‌కీ నడుమ ఎప్పుడూ కాదు. చివరి అడుగులో బ్రేకుకి బదులు యాక్సిలరేటర్ పడితే తప్పుకునే వ్యవధి ఉండదు.

బోటు ట్రైలర్‌కే ఉన్న ప్రత్యేకతలు

బోటు ట్రైలర్ ఇందులో ఒక మేలు చేస్తుంది. టంగ్ మీద, కప్లర్‌కి కొంచెం వెనక, బోటుని లాగి కట్టే వించ్ స్తంభం నిలువుగా ఉంటుంది. అది సరిగ్గా ట్రైలర్ మధ్య గీత మీదే ఉంటుంది. బోటు వెనక మోటారు కూడా ఆ గీత మీదే. దూరం నుంచి వెనక అద్దంలో చూసినప్పుడు మోటారు తల స్తంభం వెనక దాక్కుంటే మనం ట్రైలర్ మధ్య గీత మీదికి వచ్చినట్టు. స్తంభానికి ఒక పక్కన మోటారు తొంగి చూస్తుంటే మనం గీతకి ఆ పక్కనే ఉన్నట్టు. కప్లర్ కనిపించకపోయినా ఈ రెండూ కనిపిస్తాయి.

చివరి రెండు అంగుళాలు చేత్తో నెట్టేయొచ్చా అన్నది బోటు బరువు మీద ఆధారపడుతుంది. మామూలు ట్రైలర్లలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద పడాలంటారు. బోటు ట్రైలర్లకి తయారీదారులు అంతకన్నా తక్కువ, 5 నుంచి 10 శాతం చెప్పడం ఎక్కువ. మోటారు బరువు వెనకే ఉంటుంది మరి. 7 శాతం అనుకుంటే, మొత్తం 1,200 పౌండ్లున్న అల్యూమినియం చేపల బోటుకి టంగ్ మీద 84 పౌండ్లు, అంటే 38 కిలోలు. జాక్‌కి చక్రం ఉంటే ఒక మనిషి పక్కకి జరపగలడు. 3,500 పౌండ్ల బోటుకి అదే లెక్కన 245 పౌండ్లు, 111 కిలోలు. గచ్చు మీదైతే కష్టపడి జరుగుతుంది, మట్టిలో జాక్ చక్రం కూరుకుపోతుంది.

ఇరుసులు ఎన్ని అన్నదీ ముఖ్యమే. ఒకే ఇరుసున్న ట్రైలర్‌లో టంగ్ పక్కకి జరిగితే ఒక చక్రం ముందుకి, ఒకటి వెనక్కి దొర్లుతాయి. రెండు ఇరుసులుంటే టైర్లు నేల మీద పక్కకి ఈడ్చుకోవాలి, అది మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. చక్రాలకి అడ్డం పెట్టిన దుంగలు ఈ కదలికని ఆపేస్తాయి. చేత్తో జరపడానికి వాటిని తీసేస్తే, వాలు నేల మీద ట్రైలర్ జాక్ మీది నుంచి దొర్లిపోవచ్చు. అందుకే వాలులో బండిని కదిలించడమే దారి, ట్రైలర్‌ని కాదు.

నిలిపాక జారే రెండు సెంటీమీటర్లు

అన్నీ సరిగ్గా కుదిరాయి. బండి పార్క్‌లో వేసి దిగి చూస్తే బాల్ మళ్లీ తప్పింది. ఇది కళ్ల మోసం కాదు. పార్క్ గేరు అంటే గేర్‌బాక్స్ లోపల ఒక పళ్ల చక్రంలోకి చిన్న కొక్కెం దిగడం. కొక్కెం పన్ను దొరికేదాకా బ్రేకు వదిలిన బండి కొద్దిగా దొర్లుతుంది. వాలు నేల మీద ఆ కొద్ది చాలు, కప్లర్ దిగకుండా ఆపడానికి. కాలు బ్రేకు మీద ఉండగానే పార్కింగ్ బ్రేకు వేసి, తర్వాత పార్క్‌లో వేస్తే ఈ జారుడు దాదాపు ఉండదు.

ఒకటి రెండు సెంటీమీటర్లు తప్పినా కప్లర్ కొన్నిసార్లు తనే సర్దుకుంటుంది. జాక్ దించుతుంటే గిన్నె అంచు బాల్ భుజం మీదికి దిగి, బరువుకి జారి కూర్చుంటుంది. కూర్చున్నట్టే కనిపించి కూర్చోకపోవడం కూడా సరిగ్గా ఇలాంటప్పుడే జరుగుతుంది.

కలిసినట్టు కనిపించి కలవకపోవడం

మొదటి రకంలో కప్లర్ బాల్ మీద ఎక్కి ఆగుతుంది, కింది నాలుక పట్టి బాల్ కిందికి పోకుండా పక్కన ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే అంతా దిగినట్టే ఉంటుంది, గొళ్లెం కూడా ఒక్కోసారి పడుతుంది.

రెండో రకం బాల్ సైజుది. అమెరికాలో ఎక్కువగా వాడేవి మూడు సైజులు: 1 7/8 అంగుళాలు, 2 అంగుళాలు, 2 5/16 అంగుళాలు. మిల్లీమీటర్లలో 47.6, 50.8, 58.7. మొదటి రెంటికీ తేడా 3 మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. 2 అంగుళాల కప్లర్ 1 7/8 బాల్ మీద హాయిగా దిగుతుంది, గొళ్లెం పడుతుంది, ఇంటి వీధి దాటేదాకా లాగుతుంది కూడా. పెద్ద గతుకు దగ్గర టంగ్ ఎగిరినప్పుడు ఊడి వస్తుంది. సెకండ్ హ్యాండ్ బోటు కొని, వెనకటి బండికున్న బాల్‌నే వాడేవాళ్లకి ఇది జరిగే అవకాశం ఎక్కువ. సైజు బాల్ నెత్తిన చెక్కి ఉంటుంది, కప్లర్ మీద కూడా అచ్చు వేసి ఉంటుంది. రెండూ చదివి పోల్చడానికి క్షణం చాలు.

ఈ రెండు రకాల్నీ పట్టించే పరీక్ష జాక్‌తోనే ఉంది. గొళ్లెం వేసి, దానికి పిన్ను పెట్టాక, జాక్‌ని మళ్లీ పైకి తిప్పుతారు. నాలుక పట్టి బాల్‌ని నిజంగా పట్టుకుని ఉంటే టంగ్‌తోపాటు బండి వెనక భాగం కూడా స్ప్రింగుల మీద లేవడం కనిపిస్తుంది. పట్టుకోకపోతే కప్లర్ ఒక్కటే బాల్ మీది నుంచి పైకి వచ్చేస్తుంది. చిన్న బాల్ అయితే కొన్నిసార్లు ఈ పరీక్షనీ దాటుతుంది, అందుకే అంకెలు చదవడం దీనికి బదులు కాదు, దీనికి ముందు. టంగ్ కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి వేసే రెండు గొలుసులు ఇవన్నీ విఫలమైన రోజు కోసం. కప్లర్ ఊడితే టంగ్ రోడ్డుని గుచ్చకుండా ఆ అడ్డ గొలుసుల ఊయలలో పడుతుంది, డ్రైవరుకి బండిని మెల్లగా పక్కకి తీసి ఆపే వ్యవధి దొరుకుతుంది.